పదమూడు తర్వాత పన్నెండు

నా మూలంగా ఒక ఊరు ఊరంతా ముప్ఫై నాలుగేళ్ళుగా ఒక సినిమాని తప్పుగా గుర్తుపెట్టుకుంది. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. నాతోనే పోతుందిలే అనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత దానికి రెండో భాగం తీస్తారని నేనేమైనా కలగన్నానా?

ట్రైలర్ వచ్చిన సాయంత్రం నేను పొయ్యి మీంచి పాలగిన్నె దించుతున్నాను. ముందుగదిలోంచి నా మనవరాలు ఒక్క కేక పెట్టింది. దాన్ని ఇంట్లో అందరం పిడుగు అని ఊరికే పిలవం. గిన్నె జారింది, పాలు గట్టు మీదుగా నా చెప్పుల్లోకి వచ్చాయి.

"అమ్మమ్మా! కట్టు! కట్టు కనిపించింది!"

"ఎవరికే దెబ్బ తగిలింది? మీ నాన్నకా? చెప్పవేం, మీ నాన్నకేనా?"

"హీరోకి!"

"హమ్మయ్య" అని అక్కడే కూలబడ్డాను. ఇంట్లో ఫోను మోగినా, వీధిలో బండి ఆగినా నాకు ముందు తోచేది చెడే. హీరోకి దెబ్బ తగిలిందంటే అది నాకు శుభవార్త కిందే లెక్క. కానీ పిడుగు ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టి ఆ బొమ్మని ఆపి చూపించాక, పాలు పోయిన దుఃఖం కూడా మర్చిపోయాను. చీకట్లో ఒక చెయ్యి. దానికి తెల్లటి కట్టు. ఆపకపోతే అరక్షణం కనపడి మాయమవుతోంది.

దాన్ని అందరూ గోళం సినిమా అంటారు. ఒక శాస్త్రవేత్త ఇనుప గోళంలో కూర్చుని కాలంలోకి ప్రయాణం కడతాడు. దీపస్తంభం కాపలాదారు కూతురు అతన్ని ప్రేమిస్తుంది. సినిమా చివర్లో అతని చెయ్యి కాలుతుంది. ఆ తర్వాత రెండే పెద్ద ఘట్టాలు. ఒకటి పడవ షికారు. అందులో ఇద్దరూ వానలో తడుస్తూ నవ్వుకుంటారు, అతని చేతికి కట్టు ఉంటుంది. రెండోది వీడ్కోలు, అందులో చెయ్యి మానిపోయి ఉంటుంది. గోళం తలుపు అద్దానికి అటు అతని అరచెయ్యి, ఇటు ఆమె అరచెయ్యి. గోళం మాయమవుతుంది. ఆఖరున జుట్టు నెరిసిన ఆమె కిటికీ దగ్గర కూర్చుని చిన్నగా నవ్వుతుంది. సమాప్తం.

లోకమంతా చూసిన వరస ఇది. మా ఊళ్ళో మాత్రం వీడ్కోలు ముందు వచ్చింది, పడవ తర్వాత వచ్చింది. అంటే వెళ్ళినవాడు తిరిగొచ్చేశాడు! పైగా మానిపోయిన చేతికి మళ్ళీ కట్టు! ఎందుకంటే, చెయ్యి ఇంకా మానని రోజులోకి దిగాడు కాబట్టి. దీనికి మా ఊళ్ళో కట్టు థియరీ అని పేరు. ఆ తర్వాత వచ్చిన క్యాసెట్లలో, టీవీల్లో పడవే ముందు వచ్చినా మావాళ్ళు బెదరలేదు. "తర్వాతెప్పుడో కత్తిరించి అతికారండీ, అసలు కాపీ మన హాల్లో పడిందే" అన్నారు. పెద్దవాళ్ళు పిల్లలకి చెప్పారు, ఆ పిల్లలు ఇప్పుడు ఫోన్లలో ప్రపంచానికి చెబుతున్నారు. వాళ్ళందరికీ నాయకురాలు నా మనవరాలు.

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే పని దానిది. ఒకప్పుడు పని నుంచి వచ్చి గోడకేసి చూస్తూ కూర్చునేది. పలకరిస్తే "ఏం లేదు" అనేది. ఆ "ఏం లేదు" వినీ వినీ నాకు గుండెదడ పట్టుకుంది. గోళం సినిమా అభిమానుల గ్రూపు పెట్టాక పిల్ల మనిషయింది. పదిహేడు మంది. ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయం మేడమీది గదిలో కలుస్తారు. ఆ రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్లు రెండేసి చొప్పున దిగుతుంది.

ఆ గ్రూపులో దానికి సమవుజ్జీ ఒకరే, లెక్కల మాస్టారు. ట్రైలర్ వచ్చిన మర్నాడు ఇద్దరూ మా ఇంటి గుమ్మంలోనే తగువు వేసుకున్నారు.

"కాలంలో వెనక్కి మనిషి వెళ్తాడమ్మా, మానిపోయిన గాయం ఎలా వెళ్తుంది? కాస్త బుర్ర పెట్టు" అన్నారు మాస్టారు.

"అదే మాస్టారూ గోళం గొప్పతనం. మీ లెక్కల పుస్తకంలో గోళం ఘనపరిమాణం ఒక్కటే ఉంటుంది."

"అసలు మన హాల్లో పడవే ముందొచ్చింది. తొమ్మిదేళ్ళవాణ్ణి, మా నాన్న పక్కన కూర్చుని కళ్ళారా చూశాను."

"నిద్రపోయి ఉంటారు."

మాస్టారి మొహం కందగడ్డయింది. "మా అక్కా ఇదే మాట. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే మాట! ఆవిడ చూసిందట, పడవ తర్వాతట. నేను నిద్రపోయానట. పందెం కడతావా?"

"కడతాను. మన హాల్లో పడింది అసలు కాపీ. కాదని తేలితే గ్రూపు వదిలేసి వెళ్ళిపోతా. మళ్ళీ ఆ మెట్లెక్కను."

"మన హాల్లో వరస ఎప్పుడూ తప్పలేదు. తప్పిందని తేలితే నేనూ వెళ్ళిపోతా."

"తేల్చేదెవరు?"

పిడుగు వెనక్కి తిరిగింది. నేను చీపురు పట్టుకుని తలుపు చాటున ఉన్నాను.

"మా అమ్మమ్మ! ఆ హాల్లో రీళ్ళు చుట్టిన మనిషి. ఆదివారం వచ్చి సాక్ష్యం చెబుతుంది."

చీపురు కింద పడింది. ఆ వారంలో నా చేతిలో ఏదీ నిలవలేదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి.

ఆ హాలు మేడమీద రెండు గదులుండేవి. ఒకటి ప్రొజెక్టర్ గది. అక్కడ ఉండేది ఆపరేటరన్నయ్య. తోడబుట్టినవాడు కాదు గానీ, నన్ను చెల్లెమ్మా అనేవాడు. పక్కది నా గది. ఆడిన రీలు తోక, అంటే ఆఖరి కొస, పైకి ఉండి వస్తుంది, దాన్ని చేత్తో తిప్పి మళ్ళీ తల పైకి తెచ్చి డబ్బాలో పెట్టాలి. రెండు గదులకీ మధ్య ఒక చిన్న కిటికీ, అందులోంచి చూస్తే అవతలి గోడ కన్నంలోంచి తెర కూడా కనిపించేది. కిటికీ గట్టు మీద నేను డబ్బాలు వరసలో పెడితే అన్నయ్య అదే వరసలో తీసుకుని ఆడించేవాడు. నేను బడి మొహం చూడలేదు. అంకెలు ఆ డబ్బాల మూతల మీద నేర్చుకున్నాను, అక్షరాలు గోడల మీది పోస్టర్లలో. చాలాకాలం అక్షరమంటే మూరెడుండాలని నా నమ్మకం. పుస్తకంలో చీమల్లాంటివి చూసి ఇవి నిజమైనవి కావేమో అనుకున్నాను.

గోళం సినిమా మా దాకా వచ్చేసరికి నాలుగు ఊళ్ళు తిరిగింది. మూతలు తుప్పు పట్టి ఉన్నాయి. నాకు మురికి చూస్తే ఊరుకోబుద్ధి కాదు. పద్నాలుగు మూతలూ తీసి కిరోసిన్ గుడ్డతో తుడిచి ఎండబెట్టి మళ్ళీ పెట్టాను. పెట్టడంలో పన్నెండు మూత పదమూడు మీదికి, పదమూడు మూత పన్నెండు మీదికి వెళ్ళాయి. రీళ్ళ మొదట్లో ఉండే అంకె ముక్కలు అప్పటికే చిరిగిపోయి ఉన్నాయి. మొదటిరోజు అన్ని ఆటలూ అలాగే ఆడాయి. నాకూ తెలియలేదు. వీడ్కోలు ఘట్టం వస్తుంటే నేను కిటికీ దగ్గర్నుంచి పక్కకి పోయాను. నవ్వులు వినిపించి తిరిగి చూస్తే పడవలో ఇద్దరూ ఉన్నారు. ఎంత హాయిగా అనిపించిందో! కింద జనం మొహాలు వెలిగిపోతూ బయటికొచ్చారు. ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మని అడిగింది, "ఇంక వెళ్ళడు కదా?" అని.

మర్నాడు ఇంటి దగ్గర పాటల పుస్తకంలో కథ కూడబలుక్కుని చదివాను. "పడవలో గడిపిన ఆ ఒక్క రోజే మిగిలింది. వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు." మూడుసార్లు చదివాను, నేనే తప్పు చదువుతున్నానేమోనని. అక్షరాలు మారలేదు.

హాలుకి పరుగెత్తాను, మూతలు మార్చేద్దామనే. డబ్బాలు చేతిలోకి తీసుకున్నాను కూడా. మ్యాట్నీకి జనం మెట్లెక్కుతున్నారు. వీళ్ళందర్నీ నా చేత్తో ఏడిపించాలా అనిపించింది.

నాకు సాగనంపడం చేతకాదు. ఇంట్లోంచి ఎవరు ఊరెళ్తున్నా వంటింట్లో ఏదో ఒకటి తోముతూ ఉంటాను. మా అమ్మాయి ఉద్యోగానికి వెళ్ళిన రోజున అడుగు మాడిన గిన్నెని అద్దం చేశాను. మా ఆయన ఆసుపత్రికి బయల్దేరుతూ "వస్తానే" అంటే, లోపల్నుంచే "ఊఁ" అన్నాను. ఆయన రాలేదు. అది ఈ సినిమాకి రెండేళ్ళ ముందు మాట.

మూతలు మార్చలేదు. పదకొండు వారాలు మా ఊరి హాల్లో శాస్త్రవేత్త తిరిగొస్తూనే ఉన్నాడు.

పదకొండో వారం సినిమా పంచేవాళ్ళ మనిషి చెప్పకుండా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆట అయ్యాక మేడమీదికొచ్చి చిందులు తొక్కాడు. "ఎవరిది ఈ ఘనకార్యం?" అని అడిగితే ఆపరేటరన్నయ్య, "నాదే, మూత చూసుకోలేదు" అన్నాడు. నేను గోడవైపు తిరిగి ఖాళీ చక్రం తిప్పుతున్నాను. వారం తిరక్కుండా అన్నయ్యని పంపించేశారు. వేరే ఊళ్ళో ఏదో హాల్లో పని దొరికిందన్నారు. బస్సెక్కే రోజున నేను ఇంట్లో గిన్నెలు తోముకుంటూ ఉన్నాను.

ఇదీ నేను చెప్పాల్సిన సాక్ష్యం. చెబితే పిడుగు గ్రూపు వదిలి గోడ ముందుకి తిరిగొస్తుంది. అబద్ధం చెబితే? అబద్ధం చెప్పడానికే నిశ్చయించుకున్నాను. "పడవ తర్వాతే వచ్చింది" అంటే అది అబద్ధం కూడా కాదు కదా, మూతల సంగతి ఎవరూ అడగరు కదా అని నాకు నేనే వకీలునయ్యాను.

శనివారం పిడుగు నా చీర ఇస్త్రీ చేస్తూ అంది, "నీకో మంచి కబురు అమ్మమ్మా. రెండో సాక్షి దొరికాడు. ఆ హాలు ఆపరేటర్! నాలుగు రోజులు వెతికాను. వాళ్ళ కోడలు ఫోనెత్తింది. రేపు బస్సులో వస్తున్నాడు."

"బతికే ఉన్నాడా?" అన్నాను.

"అదేం మాటే! చచ్చినవాళ్ళు బస్సెక్కుతారా?"

"కాలు జారి పడితేనో? ఆ వయసులో బస్సేంటి? రావద్దని చెప్పు."

"అమ్మమ్మా, చీర కాలుతుంది, నువ్వు పక్కకి జరుగు."

ఆదివారం మధ్యాహ్నం ఆ గది నిండిపోయింది. పదిహేడు మంది కాదు, నలభై మంది ఉన్నారు. కుర్చీలు చాలక కొందరు పాత పత్రికల కట్టల మీద కూర్చున్నారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. కాసేపటికి మెట్ల మీద కర్ర చప్పుడు. ఆపరేటరన్నయ్య లోపలికొచ్చాడు. నడుం వంగింది, చెవులు పెద్దవయ్యాయి, కళ్ళజోడు వంకరగా ముక్కు మీద కూర్చుంది. పిడుగు ఎదురెళ్ళి, "తాతగారూ, ఫ్రేము ఇలా ఇవ్వండి" అని లాక్కుని, రెండు వేళ్ళతో వంచి, మళ్ళీ ఆయన మొహానికి తగిలించింది. అప్పుడు ఆయనకి నేను కనిపించాను.

"చెల్లెమ్మా, నువ్వేనా? ఇంత పొట్టిదానివా నువ్వు?"

"కిటికీలోంచి చూసేవాడివి కదన్నయ్యా" అన్నాను.

మాస్టారు లేచారు. "మొదటి సాక్షి చెప్పండమ్మా. మన హాల్లో ఏది ముందు, ఏది తర్వాత?"

నేను లేచి నిలబడ్డాను. "పడవ తర్వాతే" అన్నాను. చప్పట్లు. పిడుగు రెండు చేతులూ పైకెత్తింది. కూర్చోబోయాను. అప్పుడు మాస్టారు ఆపరేటరన్నయ్యవైపు తిరిగి, "మరి మీరేమంటారు? వరస మారిందంటే తప్పు ప్రొజెక్టర్ దగ్గరే జరగాలి. మీరే మార్చారా?" అన్నారు. అన్నయ్య కర్ర మీద బరువేసి లేస్తున్నాడు. ఆ రోజులాగే మళ్ళీ "నాదే" అనబోతున్నాడని ఆ మొహమే చెబుతోంది.

"ఆయన కాదు! నేను!" అన్నాను. అంత పెద్దగా నేనెప్పుడూ అరవలేదు. "నేనే. మూతలు తుడిచి తప్పు పెట్టాను. తెలిశాక కూడా మార్చలేదు. అసలు కాపీ లేదు, ఏమీ లేదు. పదమూడు తర్వాత పన్నెండు ఆడింది, అంతే."

పిడుగు చేతులు నెమ్మదిగా కిందికి దిగాయి. దాని మొహం చూడలేక నేను నేల చూశాను.

"అబద్ధం" అన్నాడు అన్నయ్య. "మార్చింది నేను."

"నోర్ముయ్యన్నయ్యా. ఇన్నేళ్ళకి నిజం చెబుతుంటే మళ్ళీ అడ్డమొస్తావేం?"

"నువ్వు మార్చింది నిజమే. నేను మార్చిందీ నిజమే. మూడోరోజుకే నాకు తెలిసిపోయింది. మానిన చెయ్యి మళ్ళీ కాలడమేంటని రీళ్ళు లాగి చూశాను. చెల్లెమ్మ ఎప్పుడు చెబుతుందోనని ఎదురుచూశాను. నువ్వు చెప్పలేదు. జనం నవ్వుతూ పోతున్నారు కదాని నేనూ ఊరుకున్నాను. కానీ ఆదివారం ఫస్ట్ షోకి హాలు యజమాని ఇంటిల్లిపాదితో వచ్చి బాల్కనీలో కూర్చునేవాడు. ఆయన పక్క ఊళ్ళో ఆ సినిమా ముందే చూశాడు. పసిగడతాడని, ఆ ఒక్క ఆటకి రెండు డబ్బాలూ తారుమారు చేసి సరిగ్గా ఆడించేవాణ్ణి."

"నాకు తెలియదే!"

"ఎలా తెలుస్తుంది? వీడ్కోలు వస్తుందంటే కిటికీ వదిలి పారిపోయేదానివి."

లెక్కల మాస్టారు గదంతా వినబడేలా అడిగారు, "ఆదివారం ఫస్ట్ షోనా? నిజంగా ఆదివారం ఫస్ట్ షోయేనా?"

"పదకొండు ఆదివారాలూ."

మాస్టారు జేబులోంచి ఫోను తీశారు. "అక్కా! నువ్వు ఆ సినిమాకి బడి పిల్లలతో వెళ్ళావే, ఏ రోజు? శనివారమా? మ్యాట్నీయా? నేను నాన్నతో ఆదివారం వెళ్ళాను! నేను నిద్రపోలేదక్కా! విన్నావా? ఒక్క నిమిషం కూడా నిద్రపోలేదు!" అవతల్నుంచి అక్కగారు ఏదో అంది. "వంట తర్వాత చేద్దువుగాని! ముందు అను, నేను నిద్రపోలేదని అను!" ఆవిడ అన్నట్టుంది. మాస్టారు కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకున్నాక ఆయనకి పందెం గుర్తొచ్చింది.

"అమ్మాయ్, మన హాల్లో పడింది అసలు కాపీ కాదు. నువ్వు ఓడిపోయావు."

"మన హాల్లో వరస ఎప్పుడూ తప్పలేదన్నారు. తప్పింది. మీరూ ఓడిపోయారు" అంది పిడుగు.

"మరి?"

"మరేముంది? వెళ్ళిపోవడమే."

సంచి భుజాన వేసుకుంది. మాస్టారు గొడుగు తీసుకున్నారు. ఇద్దరూ తలుపు దాటి మెట్లు దిగారు. నేను ఇన్నాళ్ళూ ఏ చప్పుడుకి భయపడ్డానో అదే, ఒకటొకటిగా మెట్లు దిగే చప్పుడు. తోముకోవడానికి అక్కడ గిన్నె కూడా లేదు. పారిపోయే వీలు లేక మొదటిసారి అలా చూస్తూ ఉండిపోయాను. గదిలో నలభై మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనకనుంచి ఎవరో, "ఇద్దరూ పోతే ఇంక పోట్లాడేదెవరు? మనం ఎవరి పక్షం చేరాలి?" అన్నారు.

కింద అడుగుల చప్పుడు ఆగింది. ఏవో మాటలు, గొడుగు నేలకేసి కొట్టిన చప్పుడు. తర్వాత మెట్లు ఎక్కుతున్న చప్పుడు. రెండేసి చొప్పున.

తలుపు దగ్గర పిడుగు తల కనిపించింది. వెనక ఆయాసపడుతూ మాస్టారు.

"నమస్కారం. ఇక్కడ గోళం సినిమా అభిమానుల గ్రూపు ఉందట. కొత్తగా చేరదామని వచ్చాం" అంది.

"మళ్ళీ ఆ మెట్లెక్కనన్నావుగా?" అన్నారెవరో.

"అన్నది పాత మనిషి. ఆమె వెళ్ళిపోయింది, మీరు చూశారు కదా."

ఇంక నవ్వులకి ఆ గది పైకప్పు లేచిపోయింది. అన్నయ్య నావైపు వంగి గుసగుసగా, "ఏం చెల్లెమ్మా, మళ్ళీ మూతలు మార్చావా?" అన్నాడు.

"ఒట్టు, ఈసారి నేను కాదు" అన్నాను.

పది నిమిషాల్లో వాళ్ళు కొత్త తగువులో పడ్డారు. వీడ్కోలు తర్వాత పడవ వచ్చిందన్నది మా ఊరి పొరపాటే కావచ్చు గానీ, మరి ట్రైలర్లో చేతికి కట్టు ఎందుకుంది? రెండో భాగం తీసినవాళ్ళలో ఎవరో చిన్నప్పుడు మా హాల్లో మ్యాట్నీ చూసి ఉంటారని పిడుగు. ఆదివారం ఫస్ట్ షో చూసి, ఆ పాత పడవ రోజునే మళ్ళీ గుర్తుచేస్తున్నారని మాస్టారు. ఎవరో నన్ను అడిగారు, "వీడ్కోలు రీల్లో ఇంకేమైనా ఎక్కువ ఉండేదా బామ్మగారూ, ఇప్పుడు లేనిది?" నేను ఆ రీలు తిప్పానే గానీ ఒక్కసారీ చూడలేదు. అయినా కాసేపు ఆలోచించినట్టు నటించి, "గోళం పోయాక అద్దం మీద అరచేతి గుర్తు ఉన్నట్టు జ్ఞాపకం" అన్నాను. నలభై మందీ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. అన్నయ్య తల వంచుకుని నవ్వుకున్నాడు. ఇంకో ముప్ఫై నాలుగేళ్ళకి సరిపడా పని ఇచ్చి నేను లేచాను.

అన్నయ్య బస్సుకి ఇంకా గంటన్నర ఉంది. గ్రంథాలయం మెట్ల కింద ఆగి, "ఇక్కడే చెప్పేసెయ్యి అన్నయ్యా" అన్నాను.

"ఏం చెప్పాలి?"

"వెళ్ళొస్తానని. ముందే చెప్పేసెయ్యి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మనిషికి తెలివితేటలు తగ్గలేదు. కర్ర ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి ఎత్తి, "వెళ్ళొస్తాను చెల్లెమ్మా" అన్నాడు.

"మంచిది, జాగ్రత్తగా వెళ్ళు. నా మూలంగా నీ ఉద్యోగం పోయింది, నన్ను క్షమించు."

"పోతే పోయింది. ఆ కొత్త హాల్లో నా గదికి బయటికి కిటికీ ఉండేది. గాలొచ్చేది."

"సరే. అయిపోయిందిగా?"

"అయిపోయింది."

అప్పుడు ఇద్దరం నెమ్మదిగా బస్టాండు పక్క టీ దుకాణానికి నడిచాం. బల్ల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన టీలో మూడు చెంచాల పంచదార వేసుకుంటుంటే, "ఈ వయసులో అంత తీపేంటి?" అని మందలించాను. అంత పొట్టిదానివి ఇంత పెద్ద నోరు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నావని ఆయన అడిగాడు. ఇద్దరికీ నవ్వాగలేదు. అటువైపు బస్సొచ్చి నిలబడింది.